మొక్కు తీరాక మానేసిన మాత్రలు

మా ఆయనకు టీబీ అని తేలినప్పుడు ఆశా వర్కర్ మా వాకిట్లో కూర్చుని విడమరిచి చెప్పింది. ఆరు నెలలూ మాత్రలు మానొద్దు, మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగే, భయపడొద్దు అని. నేను విన్నాను. ఆయన దగ్గుతున్నాడు, విన్నాడో లేదో.

రెండు నెలలు తిరిగేసరికి దగ్గు తగ్గింది. అన్నం సయించింది. భద్రాచలం పోయి గోదావరిలో మునిగి, గుండు చేయించుకుని వచ్చాడు. రాముడే బాగు చేశాడన్నాడు. లేచి తిరుగుతున్న మనిషితో వాదమెందుకు?

ఆ తర్వాత ఒక పొద్దున, మిరపతోటలో వీపుకు పురుగుమందు పంపు తగిలించుకుంటూ నవ్వాడు.

“ఎరుపు పోయిందే. మామూలుగనే వస్తుంది. రోగమంత కడుక్కపోయింది.”

ఎరుపు మందు రంగేనన్న ఆశా వర్కర్ మాట గుర్తొచ్చింది.

“మాత్రలు ఏస్కుంటలేవా?”

“దేవుడు బాగు చేసినంక మాత్రలేందే? ఏస్కుంటే ఆయనను నమ్మనట్టు గాదా?”

“మన వాడకట్టు చివరింటి పిల్లగాడు గూడ మొక్కిండు. వాళ్లమ్మ పొర్లుదండాలు పెట్టింది. మరి వాడెందుకు పోయిండు?”

“దేవుని సంగతి మనకెట్ల తెలుస్తది?”

“తెలువదంటివి. మరి నిన్ను బాగు చేసింది ఆయనే అని ఎట్ల తెల్సింది?”

“రాత్రి బడిల నాలుగక్షరాలు నేర్వంగనే దేవునికే పరీక్ష పెడుతున్నవ్.”

నలభై దాటాక నేర్చుకున్న మాట నిజమే. ప్రతి తగువులోనూ అదే ఎత్తుతాడు. అక్షరాలు రాకముందూ నేను ఇట్లాగే అడిగేదాన్ని.

“అయితే ఆ పంపు దించు.”

“ఏందీ?”

“నారు నాటిన్నాడు కొబ్బరికాయ కొట్టి తోట దేవునికే అప్పజెప్పినం గద. తామర పురుగుకు మందెందుకు? నమ్మకం లేదా?”

“కొట్టకపోతే ఆకు ముడుచుకపోతది” అన్నాడు మెల్లగా.

“నీ ఊపిరితిత్తులు ముడుచుకపోవా?”

పంపు దించి గట్టు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం నా ఎదుటే మాత్రలు మింగాడు.

నేను ఊరుకోలేక ఆశా వర్కర్‌కు ఫోన్ చేశాను. ఎన్నాళ్లు మానేశాడని అడిగింది. ఆయనకే సరిగా గుర్తులేదు. మధ్యలో మానితే ఒక్కోసారి ఆ మందు ఇక పనిచేయదట. దవాఖానాకు పోయి మళ్లీ కఫం ఇచ్చి వచ్చాం. ఫలితం ఇంకా రాలేదు. ఫోన్ కొంగులో కట్టుకునే తిరుగుతున్నాను. ఆయన గొంతు సవరించుకున్నా నా చెయ్యి ఆగిపోతోంది.

దేవుడు దిగివచ్చి ఎవరి రోగమూ కడగడన్న నా మాట మారలేదు. కానీ మానేసిన ఆ రోజులు ఏ చెరుపూ చేయకుండా పోవాలి. అది నేనెవరిని అడగాలి? ఆయనకైతే రాముడున్నాడు.

ఇవాళ ఆయన మాత్ర చేతిలో పెట్టుకుని రాముడి పటానికి దండం పెడుతుంటే పొయ్యి దగ్గరి నుంచే అన్నాను.

“నడుమల మానేసిన సంగతి గూడ చెప్పు.”

“చెప్పిన.”

“మళ్ల చెప్పు.”