నాలుగో పేజీ తలకిందులు

మా డ్రాయింగు మాస్టారు పోయారు. గురజాలలో కూతురి ఇంట ఉండేవారు. మొన్న శుక్రవారం పొద్దున్నే నమాజుకు లేచి, ముఖం కడుక్కుని అరుగు మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారని అల్లుడు జాబు రాశాడు. తెలుగు పండితుణ్ణి, మాటలకు కరువు లేనివాణ్ణి. ఆ జాబు చదివాక రెండు రోజులు క్లాసులో పాఠం చెప్పలేకపోయాను.

పాఠకులారా, మీ చేతిలో ఉన్న ఈ బడి వార్షిక సంచికను మొట్టమొదట పుట్టించింది ఆయనే. అవి యుద్ధం రోజులు, కాగితం కంట్రోలులో ఉంది. నరసరావుపేటలో పిల్లల రాతలు అచ్చు వేస్తామంటే నవ్వినవాళ్ళే ఎక్కువ. సంపాదకుణ్ణి నేను, అంటే పద్యాలు దిద్దడం తప్ప మరేమీ రానివాణ్ణి. ఆయన బడికి రాకముందు బెజవాడ ప్రెస్సులో పనిచేశారు. పొట్టి మనిషి, చెవి మీద ఎప్పుడూ పెన్సిలు.

ఆ వయసులో నాకు మళ్ళీ ఓనమాలు దిద్దించారు. ఫోటోను లోహపు రేకు మీదికి ఎక్కిస్తే దాన్ని బొమ్మ అనకూడదు, బ్లాకు అనాలి. తప్పులు చూసుకోవడానికి ముందుగా తీసే పొడుగాటి కాగితం గ్యాలీ. పుస్తకం ఎలా ఉండబోతుందో తెల్లకాగితాలు మడిచి చూసుకునేది డమ్మీ. ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే ఎనిమిది పేజీలూ కలిపి ఒక ఫారం. నేను పేరు తప్పితే ఊరుకునేవారు కాదు. "కంసాలి కొట్లో కూర్చుని ఆ ఇనప ముక్క ఇటివ్వు అంటామా పంతులుగారూ? దేని పేరు దానికుంది" అనేవారు.

కాగితం ఆదా చేద్దాం, చుట్టూ మార్జిన్లు తీసేద్దాం అని బడి కమిటీలో అన్నారు. నేనూ తలూపాను. ఆయన ఒక్కరే అడ్డం తిరిగారు. "మార్జిను దండగ కాదండీ, చదివేవాడు బొటనవేలు పెట్టుకునే చోటు" అన్నారు. ఇప్పుడు మీ బొటనవేలు ఉన్న చోటు ఆయన పోట్లాడి మిగిల్చిందే. అచ్చయిన ప్రతి కాగితాన్నీ వెలుతురుకెత్తి చూసే అలవాటు కూడా ఉండేది. ఇవతలి వరసకు సరిగ్గా వెనకే అవతలి వరస కూర్చుంటే తప్ప దించేవారు కాదు.

ఇక చెప్పక తప్పనిది చెబుతాను. ఇది దాచి ఆయన్ను పొగిడితే నాకు అన్నం సహించదు.

మొదటి ఫారం రెండు వైపులా అచ్చయిన రోజు కోర్టు దగ్గరి ప్రెస్సుకు వెళ్ళాను. మాస్టారు ఇంకా బడిలోనే ఉన్నారు. ఒక కాగితం తీసి చూద్దును కదా, కింద ఎనిమిదో పేజీ పక్కన ఒకటో పేజీ. పైన అయిదో పేజీ, నాలుగో పేజీ; ఆ రెండు పేజీలూ తలకిందులు. నాలుగో పేజీలో మా కమిటీ ప్రెసిడెంటుగారి ఫోటో. ఆయన తల కిందికీ కండువా పైకీ ఉన్నాయి. మాస్టారు వచ్చేదాకా ఆగకుండా, నింద నా మీదికి రాకూడదని పరుగున ప్రెసిడెంటుగారి పత్తి మిల్లుకు పోయి ఆయనకు చెప్పేశాను.

ఆయన వచ్చేసరికి మాస్టారు కూడా వచ్చి మిషను దగ్గర సిరా చేతులతో ఉన్నారు.

"ఏందయ్యా ఇది? నా మొహం తలకిందులుగా ఏశారేంది? తగలబెట్టండి ఇయ్యన్నీ. మాస్టారూ, రేపట్నించి మీరు బడికి రామాకండి" అన్నారు ప్రెసిడెంటుగారు.

ఆ కాగితాలు తగలబడితే మళ్ళీ కాగితం దొరకదు. ఎస్సెల్సీ పిల్లలు తమ పేరు అచ్చులో చూసుకోకుండానే బడి వదిలిపోతారు. మాస్టారి ఇల్లు నడిచేది ఆ ఉద్యోగం మీదే. అంతా నా నోటి పుణ్యం.

మాస్టారు గొంతు పెంచలేదు. ఒక కాగితం తీసి ప్రెసిడెంటుగారి చేతిలో పెట్టారు. "అయ్యా, తగలబెట్టే ముందు ఇదొక్కటి మీ చేత్తో మడవండి. పై సగం వెనక్కి. ఆఁ. ఇప్పుడు ఎడం సగం వెనక్కి. ఇక మధ్యలో తెరవండి."

ప్రెసిడెంటుగారు తెరిచారు. ఎడమవైపు నాలుగో పేజీలో నిటారుగా ఆయనే. ఎదురుగా అయిదో పేజీలో ఆయన సందేశం.

"పంతులుగారూ, కత్తి" అన్నారు మాస్టారు నావైపు చెయ్యి చాపి. కత్తి ఇచ్చాను. పై మడత కోశారు. ప్రెసిడెంటుగారు ఒకటో పేజీ నుంచి ఎనిమిది దాకా ఒక్కొక్క అంకే పైకి చదువుతూ తిప్పారు. చదివేకొద్దీ గొంతు హెచ్చింది. అయ్యాక, "రెండో ఫారం ఎప్పుడు ఎక్కిస్తారు మాస్టారూ?" అని అడిగారు. నేను ఎన్నో సభల్లో చప్పట్లు విన్నాను. ఆ ప్రశ్న విన్నప్పటి ఆనందం మళ్ళీ కలగలేదు.

నేను క్షమాపణ చెప్పబోతే మాస్టారు ఆపేశారు. "మీకు డమ్మీ మడిచి చూపించా గానీ, విప్పి చూపించలా. తప్పు నాది" అన్నారు. ఆ తర్వాత ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

ఇంతలో ప్రెసిడెంటుగారు మడవని కాగితం ఒకటి పట్టుకుని ఎదురుగా కోర్టు మెట్ల మీదికి పోయారు. ప్లీడర్లనూ గుమాస్తాలనూ పిలిచి, "చూడండయ్యా, నా మొహం తలకిందులు" అని చూపించి, "ఇప్పుడు చూడండి" అని మడవసాగారు. జట్కావాళ్ళు కూడా బళ్ళు దిగి వచ్చారు. మడత పూర్తయ్యాక నాలుగో పేజీ తెరిచి, దాన్ని తలపైకి ఎత్తి మావైపు చూపించారు. గుమ్మంలో నిలబడ్డ మాస్టారు సిరా చెయ్యి సంగతి మరిచి నుదుటికెత్తి సలాము చేశారు. నుదుటి మీద నాలుగు వేళ్ళూ నల్లగా అచ్చుపడ్డాయి. తుడుచుకోమని నేను చెప్పలేదు.