అమెరికా గోడా, మా బావ చెయ్యీ

ఆ రోజుల్లో మనిషి ఒళ్ళును బట్టి గౌరవం ఇవ్వాలని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో వ్యాయామ యంత్రాలు అమ్మే ఒక కంపెనీ గోడౌన్‌లో నా ఉద్యోగం. (అంత బరువులు మోస్తే ఒళ్ళు వస్తుందని మా ఊళ్ళో అనుకునేవారు, నాకు నడుము నొప్పి ఒక్కటే వచ్చింది.) కరోనా సద్దుమణిగిన ఏడాది అది. కంపెనీ అప్పటికే సగం మందిని ఇంటికి పంపేసింది. నా వీసా కొత్తది చేయించాలా, విమానం ఎక్కించాలా అన్నది మా ముదీర్, అంటే మేనేజరు, ఇంకా తేల్చలేదు. ఆయన హైదరాబాదీ. ఏ సంగతీ తేల్చకుండా నాన్చితే మనుషులు ఒళ్ళు వంచి పని చేస్తారని ఆయన నమ్మకం. నా విషయంలో అది నూటికి నూరుపాళ్ళూ నిజమైంది.

అలాంటి సమయంలో, దుబాయ్‌లో తెరవబోయే మా కొత్త షోరూమ్ ప్రచారానికని ముదీర్ ఒక అమెరికా ఆటగాణ్ణి దింపాడు. అమెరికా ఫుట్‌బాల్‌లో డిఫెండర్‌గా పనిచేసి మానేసిన మనిషి. బంతి పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాణ్ణి గుద్ది కింద పడేయడమే అతని ఉద్యోగమట. అక్కడి జనం తనను 'గోడ' అని పిలిచేవారని చెప్పాడు. (ఇంకెవరూ అలా పిలవగా నేను వినలేదు, అందుకని మేమే పిలవడం మొదలుపెట్టాం.) ముదీర్ నన్ను గదిలోకి పిలిచి, "దేఖో మియా, ఓపెనింగ్ దాకా సాబ్‌కు బండి నువ్వే నడపాలె. సాబ్ ఖుష్ అయితే నీ వీసా పక్కా. నారాజ్ అయితే ఖలాస్" అన్నాడు. అంత పెద్ద మనిషిని దుబాయ్ పాతపేట డేరాలో ఒక చవక హోటల్‌లో దింపారు. అక్కడి లిఫ్ట్‌లో గోడ ఎక్కితే ఇంకొకరికి చోటుండేది కాదు.

డేరా నుంచి షార్జా దాకా ట్రాఫిక్‌లో ఇరుక్కుని, రోజూ గోడ తన జీవితచరిత్ర చెప్పేవాడు. చిన్న ఊరు, లారీ నడిపే తండ్రి. బడి బెంచీలో పట్టక అతనికి వేరే కుర్చీ వేశారట. చదువు రాకపోయినా మనుషుల్ని పడేయడం వచ్చు కనుక కాలేజీ వాళ్ళు పిలిచి మరీ చేర్చుకున్నారు. తర్వాత పెద్ద జట్టు, పెద్ద స్టేడియం, ఎవణ్ణయినా పడగొట్టాక చేసే చిన్న డాన్సు. (ఆ డాన్సు స్టీరింగ్ పక్కన కూర్చునే చేసి చూపించాడు, బండి ఊగింది.) ఆ తర్వాత మోకాలికి ఆపరేషన్లు. ఒక పొద్దున ఫోన్ చేసి ఇక రావద్దన్నారు, అంతే. పెట్టిన రెస్టారెంటు మూతపడ్డాక, ఓటమిని ఎలా ఓడించాలో ఊరూరా తిరిగి ఉపన్యాసాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఓటమిని ఓడించిన మనిషి డేరాలో ఆ హోటల్‌లో ఎందుకున్నాడన్న ప్రశ్న నాకు తోచనే లేదు.

మా అక్క మొగుడు, అంటే మా బావ, వేరే కంపెనీలో రాడ్ బెండింగ్ పని చేస్తూ మా లేబర్ క్యాంపులోనే ఉండేవాడు. చీపురుపుల్లకు చొక్కా తొడిగినట్టుంటాడు. అతనికి ఈ ఆట గురించి గొప్పగా చెప్పాను.

"కాళ్ళతోటి ఆడరు, పేరేమొ ఫుట్‌బాలా?" అన్నాడు.

"ఈయన బంతిని ముట్టనే ముట్టడు బావా. ఉరికచ్చేటోన్ని పట్టి కింద పడేస్తడు."

"గంతేనా? గది మనం సుక్రారం సుక్రారం జేసేదేనాయె. దానికి జీతమిస్తరా?"

ఆ మాటతో నా బుర్రలో దీపం వెలిగింది. వెలగకుండా ఉంటే బాగుండేది. శుక్రవారాలు క్యాంపు వెనక ఇసుకలో మావాళ్ళు కబడ్డీ ఆడతారు, కూతకు వెళ్ళడంలో మా బావను మించినవాడు లేడు. గోడ మా బావను పడగొడుతుంటే వీడియో తీయిద్దామని ముదీర్‌కు చెప్పాను. ఆయన అక్కడికక్కడే 'ఈ గోడను ఎవరూ దాటలేరు' అని ప్రకటన కూడా ఆలోచించేశాడు. మీ ఆటా మా ఆటా ఒకటే అని గోడకు నేనే భరోసా ఇచ్చాను. ఇక మిగిలింది బావ. "జెర పడు బావా, నా వీసా దీని మీదనే ఉన్నది" అని బతిమాలుకున్నాను. "గంత పెద్దోడు గుద్దినంక పడక నిలవడ్తనారా? నీ కోసం పడుత తియ్యి" అన్నాడు.

శుక్రవారం క్యాంపంతా వచ్చింది. మిగతా ఆటగాళ్ళను పక్కకు జరిపి గోడను మధ్యలో నిలబెట్టాం. బావ లుంగీ ఎగ్గట్టి, కూత పెడుతూ వెళ్ళి గోడ భుజం మీద తట్టాడు. గోడ ఒక్క గుద్దు గుద్దాడు. బావ గాలిలోకి లేచి, ఇసుకలో బోర్లా పడ్డాడు. "షాబాష్!" అని ముదీర్ అరిచాడు. గోడ ఆటలో పరిగెత్తేవాడు కింద పడితే ఈల వేస్తారు, అక్కడితో సరి. అందుకని అతను బావకు వీపు తిప్పి, కెమెరా వైపు చేతులెత్తి తన డాన్సు మొదలుపెట్టాడు. కింద బావ కూత ఆపలేదు. కబడ్డీ కబడ్డీ అంటూ ఇసుకలో తొండలా పాకుతూ వెళ్ళి, చెయ్యి చాచి మధ్య గీత ముట్టాడు. గోడ ఇంకా డాన్సు చేస్తూనే ఉన్నాడు.

క్యాంపు నవ్వు ముదీర్‌కు వినపడినంత బాగా గోడకు వినపడలేదు, మెచ్చుకుంటున్నారనుకున్నాడు. సాయంత్రానికల్లా ఆ వీడియో ఎక్కడో అబూధాబీ అవతలున్న రువైస్ రిఫైనరీలో మావాళ్ళ ఫోన్ల దాకా పోయింది. ముదీర్ నా వైపు చూసి "ఖలాస్" అని, బండెక్కి వెళ్ళిపోయాడు. నేను బావ మీద పడ్డాను.

"పడుమంటివి, పడ్డ. కూత ఆపుమని చెప్పకపోతివి" అన్నాడు ఇసుక దులుపుకుంటూ.

ఏం జరిగిందని గోడ అడిగితే చెప్పక తప్పలేదు. మా ఆటలో పడినంత మాత్రాన అయిపోదని, ఊపిరి ఉండి గీత అందితే గెలిచినట్టేనని చెప్పాను. అతను మోకాలు పట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. మళ్ళీ చెప్పమన్నాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. పాపం, ఎంత కుమిలిపోతున్నాడో అని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అతను కుమిలిపోవడం లేదని ఓపెనింగ్ రోజు తెలిసింది. వేదిక మీద మైకు పట్టుకుని, గొంతు వణికిస్తూ, ఎడారిలో ఒక ఆటలో తనను ఒక రాక్షసుడు పడగొట్టాడని చెప్పాడు. అందరూ తన పని అయిపోయిందనుకున్నారట. ఊపిరి బిగబట్టి, ఇసుకలో పాకుతూ వెళ్ళి, చెయ్యి చాచి గీత ముట్టాడట. హాలంతా లేచి నిలబడింది. జరిగింది కళ్ళారా చూసిన ముదీర్ కూడా రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటూ, "క్యా బాత్ హై! నీ పాస్‌పోర్ట్ రేపు ఆఫీసులో ఇయ్యి మియా, వీసా కొత్తది చేయిస్త" అన్నాడు.

అదే నెలలో సైటు పని అయిపోయిందని బావ కంపెనీ వాళ్ళందరి వీసాలూ క్యాన్సిల్ చేసింది. ఎయిర్‌పోర్టుకు నేనే దింపాను. ముందు సీటు గోడ కోసం వెనక్కి జరిపింది జరిపినట్టే ఉంది, బావ అందులో మునిగిపోయాడు. దారిలో ఉపన్యాసం సంగతి మొత్తం చెప్పాను.

"కింద పడ్డది నేను, గీత ముట్టింది నేను, వీసా నీకచ్చె" అన్నాడు బావ. "మంచిగైంది తియ్యి. అక్కకు మాత్రం చెప్పకు, నన్ను నవ్వుతది."

నేను అక్కకు చెప్పలేదు. బావకూ ఒక ముక్క చెప్పలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఆ రోజు హాలులో అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది నేనే, నన్ను చూసే మిగతావాళ్ళు లేచారు. వీసా కోసం కొట్టానని మీరనుకుంటారేమో. కాదు. గోడ అంత బాగా చెప్పాడు, ఆ పాకినవాడు ఎవడో గాని గొప్పవాడనుకుని, నిజంగానే ఏడుస్తూ కొట్టాను.