‘పిల్లనడిగినవా?’ అనే మా సారు

మాకు ఆంత్రోపాలజీ చెప్పిన సారు పోయారు. నాంపల్లి స్టేషన్ వెనక కిరాయి ఇంట్లో, మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మళ్ళీ లేవలేదు. కబురు విని ఏడ్చాను. పదో రోజు అమ్మ గాజులు పగలగొడతారని విన్నాక మాత్రం ఒళ్ళు మండింది. అమ్మంటే సారు భార్య. ఆయన దగ్గర చదివిన వాళ్ళందరికీ ఆమె అమ్మే.

మీరే చెప్పండి, ఎవరింట్లో ఈ పని? ఆచారం పేరు చెప్పి మనిషిని ఏడిపించొద్దని బతుకంతా కొట్లాడిన మనిషి ఇంట్లో.

ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర సారు దొరికేవారు. ఎండలో నిలబడి పుస్తకం తెరిచి, రాసినాయన ఎదురుగా ఉన్నట్టే తగువు పెట్టుకునేవారు. "సార్, కొంటరా, కొట్లాడ్తరా?" అని అమ్మేవాడు అడిగితే, "రెండూ" అనేవారు. కోపం బాగా తెప్పించిన పుస్తకాన్నే ఇంటికి తెచ్చుకునేవారు.

ఏ సంస్కృతినీ బయటి కొలతతో కొలవొద్దన్నది మా చదువులో మొదటి పాఠం. సారూ అదే చెప్పేవారు. ఊరి దేవతను చూసి నవ్విన అబ్బాయిని క్లాసులోంచి పంపేశారు కూడా. కానీ అక్కడితో ఆగేవారు కాదు. "సమజ్ చేసుకునుడు వేరు బిడ్డా, దండం వెట్టుడు వేరు" అనేవారు.

ఒకసారి సెమినార్‌లో ఒకాయన జోగిని ఆచారం మీద మాట్లాడాడు. ఆడపిల్లను దేవుడికిచ్చి పెళ్ళి చేసి, ఆ తర్వాత ఊరి మగవాళ్ళకు వదిలేసే ఆచారం అది. మన విలువలు వాళ్ళ మీద రుద్దకూడదని ముగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సారు లేచారు.

"గది ఊరి ఆచారమని నీకెవరు చెప్పిన్రు?"

"ఊరి పెద్దలు సార్."

"పిల్లనడిగినవా?"

ఆయన చేతిలోని కాగితాలు తిరగేశాడు.

"పిల్ల గూడ గా ఊరిదే కదా. పెద్దలు చెప్పింది సంస్కృతి అయితే, ఆమె ఏడ్సుడు ఏంది మరి?" అని సారు కూర్చున్నారు.

పదో రోజు రానే వచ్చింది. బంధువులు అమ్మను పీట మీద కూర్చోబెట్టి చేతుల నిండా కొత్త గాజులు వేశారు, పగలగొట్టడానికే. నేను అడ్డం పడ్డాను. సారుతో కలిసి పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. "ఎవరి ఆచారం వాళ్ళదమ్మా. మనం బయటోళ్ళం. గౌరవించాలె" అన్నాడు. ఇంత చదివింది ఇందుకా? చేతులు కట్టుకుని నిలబడి, దానికి గౌరవమని పేరు పెట్టుకోవడానికా? సారు ముందు ఈ మాట అనే దమ్ము ఆయనకు ఏనాడూ లేదు.

సారు అక్క నా మీద లేచింది. "మా ఇంట్ల గిట్లనే జేస్తరు. నాకు జెయ్యలేదా?"

ఆమె చేతులు బోసిగా ఉన్నాయి. పీట ముందు కూలబడి, "నువ్వేమంటవమ్మా?" అన్నాను.

అమ్మ చేతులు ఒళ్ళోకి లాక్కుంది. "గాజులు మా అమ్మ ఏసింది, పుట్టి తొట్లెల ఉన్నప్పుడే. ఆయన దెచ్చినయ్ గావు, ఆయన తోటి పోనీకి."

అమ్మ పళ్ళెంలో మిగిలిన గాజుల్లోంచి రెండు తీసి ఆడబిడ్డ వైపు తిరిగింది.

"వదినే, నీ చెయ్యి గిటు దే."

ఆమె చెయ్యి ఇవ్వలేదు. వెనక్కీ తీసుకోలేదు.