చిన్నమ్మ చేతి కొలత

మొన్న మా అపార్ట్‌మెంట్లో యుద్ధం వస్తుందేమోనని మాక్ డ్రిల్ జరిగింది. సాయంత్రం ఏడింటికి సైరన్ మోగగానే అందరూ దీపాలార్పి కిటికీలు కప్పుకోవాలని సంఘంవాళ్ళు ఫోన్లకు సందేశం పంపారు. వంటింటి వెంటిలేటరుకు కర్టెన్ లేదు కాబట్టి మా మనవరాలు నల్ల డ్రాయింగ్ షీటు తెచ్చి, అంటించడానికి గరిటెడు మైదా నీళ్ళలో కలిపి పొయ్యి మీద పెట్టింది. మైదా ఉడికి గంజిగా చిక్కబడేటప్పుడు వచ్చే వాసన, కాస్త తియ్యగా, కాస్త మాడుగా, ముక్కుకు తగలగానే స్టూలు లాక్కుని కూర్చున్నాను. యాభై ఏళ్ళకు పైనే అయింది, బళేపేటలో మా మేడ కిటికీలకు మా చిన్నమ్మ ఇలాంటి గంజే పూసి, గాజుల పెట్టెల్లో వచ్చిన ముదురు రంగు కాగితాలు అంటించింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

మాది గాజుల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు, మెట్ల మీద ఎప్పుడూ వరిగడ్డి. ఉత్తరాది నుంచి వచ్చే గాజులన్నీ ఆ గడ్డిలోనే పడుకుని వచ్చేవి గనుక, మా అన్నంలో, మా తలల్లో, మా స్కూలు సంచుల్లో కూడా గడ్డిపోచలు దొరికేవి. తాత ఆడవాళ్ళ చెయ్యి చూసి కొలత చెప్పేవాడు. టేపు పెట్టడం ఆయన దృష్టిలో చేతకానివాళ్ళ పని. రెండూ ఆరు అన్నాడంటే రెండూ ఆరే. సబ్బునీళ్ళు రాసి, బొటనవేలి కింద ఎముకను మెత్తగా నొక్కుతూ, ఊరూ పేరూ అడుగుతూ, వాళ్ళు మాటల్లో ఉండగానే డజను గాజులు ఎక్కించేసేవాడు. ఎక్కించాక వాళ్ళు గాజులను కళ్ళకద్దుకుని తాతకు దండం పెట్టాలి, తాత "నిండు ముత్తయిదువగా ఉండు తల్లీ" అనాలి. అది మా అంగడి ఆచారం. ఆ దీవెన లేకుండా కదిలితే గాజులు నిలవవని పేటంతా నమ్మేది.

నేను పుట్టిన ఏడే మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, ఉత్తరాన మంచుకొండల్లో జరిగిన యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. చనిపోయాడని కబురు రాలేదు, జాడ తెలియలేదని వచ్చింది. అంతకు ముందు తాత కొండల అవతలివాళ్ళు మనకు అన్నదమ్ముల్లాంటివాళ్ళని అంగట్లో కూర్చుని అందరికీ చెప్పేవాడట. ఆ ఏడు రక్షణ నిధికని అవ్వ తన బంగారు గాజులు నాలుగూ తీసి ఇచ్చేసింది, మళ్ళీ వేసుకోలేదు. "మన పిల్లోళ్ళకు చలికోటు గూడా ఇయ్యకుండా కొండెక్కిచ్చినారు" అని తాత ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అంటూనే ఉన్నాడు. ఎన్నికల్లో ఎవరు ఎక్కువ తుపాకులు కొంటామంటే వాళ్ళకే ఓటేసేవాడు. రోడ్డు వేస్తామన్నవాడు మా గడప తొక్కితే మర్యాదగా మజ్జిగ ఇచ్చి పంపేవాడు, అంతే.

ఒక ఓటమి దేశం మనసులో ఎలా కాపురం పెడుతుందో పెద్దయ్యాక పుస్తకాల్లో చదివాను గానీ, అంతకుముందే మా ఇంట్లో చూశాను. బయట ఓడిపోయామని ఎవరూ అనేవాళ్ళు కాదు, మోసపోయామనేవాళ్ళు. ఇంట్లో చనిపోయాడని ఎవరూ అనేవాళ్ళు కాదు, జాడ తెలియలేదనేవాళ్ళు. చిన్నాయన కంచం రోజూ కడిగి బోర్లించేవాళ్ళు. ఆ కంచంలో ఎవరూ తినకపోయినా రోజూ కడగడమేమిటని నేనొకసారి అడిగితే అమ్మ నా నోరు మూసింది.

ఈ బరువంతా మోసింది చిన్నమ్మ. చిన్నాయన వెళ్ళేనాటికి ఆయనతో ఆమెకు పెళ్ళయి మూడు నెలలు, వయసు పందొమ్మిది. పెళ్ళిగాజులు తాతే తొడిగాడు, రెండూ నాలుగు. ఆ తర్వాత కోడలి చెయ్యి మామ పట్టుకోవడం మర్యాద కాదు గనుక, ప్రతి పండక్కీ ఒక ఆకుపచ్చ గాజుల సరం తీసి అవ్వ చేతికిచ్చి పంపేవాడు. అవి ఎప్పుడూ రెండూ నాలుగే. బావినీళ్ళు తోడీ, రాగులు విసిరీ చిన్నమ్మ చేతులు ఎప్పుడో ముదిరాయి. అవ్వ చప్పుడు లేకుండా వాటిని ట్రంకులో పడేసి రెండూ ఎనిమిది తెచ్చి తొడిగేది. తాతకు చెప్పవద్దని నాకు బెల్లమచ్చు లంచం. కోలారులో ఉన్న చిన్నమ్మ అన్న, టీచర్ ట్రైనింగులో సీటు ఇప్పిస్తాను పంపండని రెండుసార్లు వచ్చి అడిగాడు. "రేపు వాడొచ్చి నా పెండ్లామేదీ అంటే ఏం జెప్పల్ల?" అని తాత రెండుసార్లూ ఒకే మాటతో పంపేశాడు. మూడోసారి అడగడానికి ఆయన డిసెంబరులో వస్తానన్నాడు.

ఆ డిసెంబరులోనే తూర్పునా పడమరా యుద్ధం మొదలైంది. అనపకాయల కాలం. పేటంతా గింజల పసరువాసన, చలి, కాగితాలంటించిన కిటికీల వెనక ఒకే ఒక్క లాంతరు, దాని చుట్టూ చేరి మేమంతా నానిన గింజలను వేళ్ళతో పితికేవాళ్ళం. సైరన్ మోగితే మంచం కింద దూరడం మా పిల్లలకు మంచి ఆట. రేడియో దగ్గర తాత మాత్రం ఆడలేదు, తినలేదు. గెలిచామని తెలిసిన రోజు పితికినపప్పు చారు రెండుసార్లు పోయించుకుని, "ఇంగ మనోణ్ణి ఇడ్సిపెడతారు" అన్నాడు.

నాన్న మెల్లగా, "వాళ్ళు వేరే, వీళ్ళు వేరే నాయనా. చిన్నోడు పోయింది ఆ కొండల కాడ" అన్నాడు.

"యుద్ధం యుద్ధమే గదప్పా. గెలిచినాం గదా" అన్నాడు తాత. లెక్కలో, బేరంలో ఎన్నడూ పొరపడని మనిషి ఆయన. ఆ గెలుపు ఈ ఓటమిని తుడిచేస్తుందని నిజంగానే నమ్మాడు. అలా నమ్మింది ఆయన ఒక్కడేనా అని ఇప్పుడనిపిస్తుంది.

మర్నాడు పొద్దున, అంగడి నిండా బేరం ఉండగా, తాత చిన్నమ్మను కిందికి పిలిచి కూర్చోబెట్టాడు. మొగుడు వచ్చేసరికి చేతులు నిండుగా ఉండాలని, మర్యాద పక్కనబెట్టి, తొమ్మిదేళ్ళ తర్వాత కోడలి చెయ్యి తానే పట్టుకున్నాడు. రెండూ నాలుగు సరం విప్పి, సబ్బునీళ్ళు రాశాడు. మొదటి గాజు ఎముకల దగ్గర ఆగిపోయింది. నొక్కితే చిట్లింది. రెండోదీ చిట్లింది. మూడో గాజుకు నెత్తురు వచ్చింది.

"చెయ్యి వదులుగా ఇడువు తల్లీ."

"వదులుగానే ఇడ్సినా మామా. ఈ చెయ్యి ఇంగ ఆ కొలత గాదు" అంది చిన్నమ్మ. చెయ్యి వెనక్కి తీసుకుని, నెత్తురు కొంగుకు తుడుచుకుంది. "ఆయన రాడు మామా. నాకు ఎరికే. మీకూ ఎరికే."

తాత దీవెన అనకుండానే గాజుముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. అంతటి భయం నాకు సైరన్‌కు కూడా వేయలేదు.

ఆ వారమే చిన్నమ్మ అన్న వచ్చి ఆమెను కోలారు తీసుకెళ్ళాడు. తాత అంగట్లోంచి లేచి చూడలేదు, ఆపనూ లేదు. ఆమె టీచరై, పెన్షన్ తీసుకుని, వాచీ ఒక్కటే పెట్టుకుని దర్జాగా బతికింది. తాత పోయేవరకూ పండగ పండగకూ ఎవరో ఒకరి చేత ఆమెకు ఒక ఆకుపచ్చ సరం పంపేవాడు. అప్పుడూ రెండూ నాలుగే. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

బళేపేటలో మా అంగడి ఉన్నచోట ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. చెయ్యి పట్టుకుని గాజులు తొడిగేవాళ్ళు లేరు, అట్టపెట్టెల్లో కొనుక్కుని ఎవరికి వాళ్ళు వేసుకోవడమే. చిన్నమ్మ పోయి రెండేళ్ళయింది.

డ్రిల్ అయ్యి దీపాలు వెలిగాక అందరూ కారిడార్లోకి వచ్చి చప్పట్లు కొట్టారు. "ఈసారి పాతవన్నిటికీ కలిపి బుద్ధి చెప్పాలండీ" అన్నాడు సంఘం కార్యదర్శి. ఏ పాతవి, ఎవరికి అని ఎవరూ అడగలేదు. అందరితో పాటు నేనూ తల ఊపాను. ఊపాక సిగ్గేసింది.

లోపలికి వచ్చి తలుపు వేస్తుంటే మనవరాలు, "యుద్ధమొస్తే మనమే గెలుస్తాం కదా అవ్వా?" అంది.

గెలుస్తామన్నాను. గెలిచినా రానివాళ్ళుంటారని ఆ పిల్లకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.