తాగనివాడి తూలుడు

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కాలంలో సర్కారు కొలువంటే డేరాలో కుర్చీ. నాకు ఆ డేరాల్లోనే రహస్య కాగితాలు చూసే గుమాస్తా పని వచ్చేట్టుంది. తాగుబోతు అయితే గుట్టంతా కక్కేస్తాడని పైవాళ్ల భయం. అందుకే నా నడవడిక విచారించను కమలాపురం నుంచి హెడ్ కానిస్టేబుల్ సైకిలెక్కి మా ఊరికొచ్చినాడు.

నేను చుక్క ముట్టినవాణ్ని కాను. కాకపోతే ఏ పెండ్లిలోనైనా తాగుబోతు వేషం నాదే. మద్యనిషేధం వచ్చినాక జనం నన్ను చూసే ఆ ముచ్చట తీర్చుకునేవాళ్లు.

హెడ్డు చావడిలో కూర్చుని అడిగితే, ఊరంతా నా మేలు కోరి నోరు విప్పింది.

"మావోడు తూలితే చూడాల సార్, శానా బాగా తూలుతాడు!"

"మొన్న పెండ్లిలో పందిరి గుంజను కావిలించుకొని ఏడ్చినాడు!"

చేతికందే ఉద్యోగం పోవడానికి నాకు పగవాళ్లతో పని లేకపోయింది.

"అది వేషం సార్," అన్నాను.

"ఏదీ, ఈడ ఒకసారి వెయ్యప్పా."

బాగా తూలితే, తాగకుండా ఇంత బాగా ఎట్లొస్తుందంటాడు. తప్పుగా తూలితే, పెండ్లిలో తూలింది నిజంగానే అంటాడు. మధ్యరకంగా తూలడం నేను నేర్వలేదు.

తూలినాను. ఒక చెప్పు చేతబట్టి, లేని గడపను కాలెత్తి ఎత్తి దాటి, గోడకు దండం పెట్టి దారడిగినాను. జనం పడీ పడీ నవ్వినారు. హెడ్డు కూడా మీసం చాటున నవ్వి, చప్పున ముఖం బిగించినాడు.

"ఎవర్ని చూసి నేర్చినావు?"

నవ్వు ఆగిపోయింది. నాన్న పోయినాక నన్ను సాకి చదివించిన మేనమామ గుంపు చివర నిలబడి ఉన్నాడు. ఊరికంతా తెలుసు. చెబితే మామకు తాగుడు కేసు, చెప్పకుంటే నా కొలువుకు నీళ్లు.

"నన్నే సార్," అన్నాడు మామ ముందుకొచ్చి. నా వైపు తిరిగి, "గడప వరకు సరేరా. గోడకు నేనెప్పుడు దండం పెట్టినా?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు.

"ఇంతమంది ముందర చెప్పకుంటే బాగుండేదప్పా," అని హెడ్డు నిట్టూర్చినాడు. "ఇంక స్టేషనుకు రాక తప్పదు."

మామ సైకిలు దాకా తిన్నగా నడిచిపోయినాడు. అంత తిన్నగా నడవడం నేనెన్నడూ చూడలేదు.

కొలువొచ్చింది. తలుపే లేని డేరాలో రహస్యాలు కాపాడినాను. సెలవుకు ఊరికి పోయినప్పుడు, కేసు తీరి ఇంటికొచ్చిన మామే అడిగినాడు, "ఆ వేషం ఒకసారి వెయ్యరా, నవ్వి శానా దినాలైంది" అని.

లేచి నిలబడినాను. ఆ లేని గడప దగ్గర కాలు లేవలేదు.