సగం చదివిన నది పాఠం

నా చిన్నప్పుడు నేను ఒక పాఠాన్ని సగమే చదివి, మా ఇంటిని ఏట్లో కలపబోయినాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా ఏటి సంగతి చెప్పాల. ఐరాల పక్కన పల్లె మాది. పేరుకు ఏరే గానీ ఏడాదిలో పది నెలలు అది ఒట్టి ఇసుక. నీళ్లు కావాలంటే ఆ ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లను చిప్పతో తోడి కడవకు పోసుకోవాల. అందుకే బళ్లో అయివారు నదీలోయ నాగరికతల పాఠం మొదలుపెట్టి, లోకంలో తొలి ఊళ్లన్నీ నదుల ఒడ్డునే ఎందుకు పుట్టినాయో చెప్పమంటే, నేను లేచి “ఇసుకలో ఆడుకోవడానికి అయివారూ” అన్నాను. ఆ పూటంతా గోడకుర్చీ వేయించినాడు. నాగరికత అంటే మోకాళ్ల నొప్పి అని నాకు అప్పుడే తెలిసింది.

మా నాయనకు చదువు రాదు. అందుకే చదువంటే ఆయనకు భయమూ భక్తీ రెండూ ఉండేవి. దోవలో కాగితం ముక్కకు కాలు తగిలినా తీసి కండ్లకద్దుకొనేవాడు, అది బెల్లం పొట్లం కాగితమైనా సరే. సాయంత్రం చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, అరుగు మీద కూర్చొని “ఏదిమే, ఈపొద్దు ఏం చెప్పినారో చదువు” అనేవాడు. అచ్చులో ఉండేది అబద్ధం కాదని ఆయన నమ్మకం. ఆ రోజు నేను గొంతెత్తి నదుల పాఠం చదివినాను. ఈజిప్టులో నైలు, మన పక్క సింధు, ఇంకా నోరు తిరగని నదులు రెండు. “నీటికిని, సేద్యమునకును అనువుగా ఉండుటచే ప్రజలు నదుల ఒడ్డున నివాసములు ఏర్పరచుకొనిరి” అనేదాకా చదివి ఆపేసినాను.

ఆపక ఏం చేసేది? తరువాతి పేజీ నా పుస్తకంలో లేదు. అంతకు ముందు వానలకు మా ఏరు నాలుగు రోజులు పారింది. ఎప్పుడో గానీ రాని భాగ్యం కదా అని ఆ పేజీ చించి పడవ చేసి వదిలినాను. నాయనకు అదేం చెప్పలేదు. “అంతే నాయనా, పాఠం అయిపోయింది” అన్నాను.

సరిగ్గా అప్పుడే ఆయన కొత్త ఇల్లు కట్టాలని చూస్తా ఉన్నాడు. కట్టడానికి మాకు రెండు చోట్లు ఉండేవి. ఒకటి ఏటి పక్కనే చదునుగా ఉండే కయ్య, అంటే మా వరి మడి. రెండోది దానికి ఎగువన ఉండే పాటిదిబ్బ. ఎప్పటి కాలానిదో, ఒకప్పుడు ఊరుండి పోయిన చోటు అది. దిబ్బ మీద కట్టుకుంటే మా అమ్మా అవ్వా చెలమ దగ్గర నుంచి కడవలెత్తుకొని అంత దూరం ఎక్కాల. వాళ్ల నడుములు తలుచుకొని ఆయన మనసు కయ్య వైపే లాగుతా ఉండింది, అయినా ఎందుకో సందేహం. నేను చదివిన ఆ ఒక్క వాక్యంతో సందేహం కాస్తా పోయింది. “అంత పెద్ద పెద్ద దేశాలోళ్లే ఏటి ఒడ్డున కట్టుకున్నారంట. మనమేమన్నా వాళ్లకంటే మొనగాళ్లమా?” అని మరుసటి రోజే కయ్యలో ముగ్గు పోయించి, కొయ్యలు పాతించేసినాడు. బేస్తవారం పునాదికి ముహూర్తం.

మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, వద్దని ఒక్క మాట అనలేదు. వక్కాకు నమల్తా అంతా విని, గుంత పరీక్ష మాత్రం చేయాల్సిందే అనింది. మా పక్క ఇల్లు కట్టబోయే చోట మూరెడు గుంత తవ్వి, తీసిన మట్టినే మళ్లీ అందులో పోస్తారు. మట్టి మిగిలితే ఇంట్లో అన్నీ మిగుల్తాయి, చాలకపోతే ఎప్పుడూ కరువే అని లెక్క. “పాప చేత తవ్విద్దాం అబ్బయ్యా. ఇంట్లో చదువుకున్న చెయ్యి అదొక్కటే కదా” అనింది. నాయన మురిసిపోయినాడు. నేనూ మురిసిపోయినాను, గడ్డపార చేతికి వచ్చేదాకా.

పొద్దున్నే అవ్వ గట్టు మీద కూర్చునింది, నేను గుంతలో దిగినాను. మూరెడు తవ్వి పైకి రాబోతే “ఇంకొంచెం” అనింది. ఇంకొంచెం తవ్వితే “ఇంకొంచెం” అనింది. నడుము లోతు అయ్యింది.

“అవ్వా, ఇల్లు కడతామా, బావి తవ్వతామా?”

“నోరు కాదుమే, చెయ్యి ఆడించు.”

ఆడించినాను. తట్టెడు మట్టి ఎత్తి ఆయాసపడతా ఉంటే, ఇంక చాల్లే, గుంత గోడను సూడు అనింది. చూసినాను. అడుగున నల్ల బంకమట్టి. దాని మీద బెత్తెడు ఇసుక. మళ్లీ బంకమట్టి, మళ్లీ ఇసుక. పెట్టెలో మడతలు పెట్టిన చీరల మాదిరిగా ఒకదాని మీద ఒకటి. ఇసుక పొరలు లెక్క పెడితే ఐదు. ఒక దాంట్లో తెల్లగా నత్తగుల్ల కనిపిస్తే పీకి అవ్వకిచ్చినాను.

“ఇది యాడుంటాదిమే?”

“ఏట్లో.”

“మరి మన కయ్యలోకి ఎందుకొచ్చింది? పెండ్లి భోజనానికా?”

నేను నవ్వబోయి ఆగిపోయినాను. ఐదు తూర్లు ఏరు అక్కడిదాకా వచ్చి, పడుకొని, పోయింది. తాను కొత్తకోడలుగా వచ్చిన ఏడు ఒకసారి కండ్లారా చూసినానని అవ్వ చెప్పింది. ఆ తరువాత నన్ను పాటిదిబ్బ మీదికి తీసుకుపోయి, కాలి బొటనవేలితో నేలను గీకింది. బూడిద, నల్లవీ ఎర్రవీ కుండ పెంకులు బయటపడినాయి. “మనకంటే ముందుండినోళ్లు ఆడ పండించుకొని, ఈడ వండుకొని తినినారు. కడవలు వాళ్లకూ బరువే. అయినా మోసినారు” అనింది.

అంత తెలిసి నాయనకు ఎందుకు చెప్పలేదని అడిగినాను. “నా మాట అచ్చులో లేదు కదామే. వాడు ఇప్పుడు ఇనేది నీ మాటే” అని వక్కాకు ఊసి, నా మొహం వైపు చూసింది. పాఠం అంతా చదివినావా అని మాత్రం అడగలేదు. అడక్కపోవడమే నన్ను ఎక్కువ గుచ్చింది.

అయినా నా తెలివి నాది. నిజం చెప్పకుండానే ఇల్లు కాపాడొచ్చు అనుకున్నాను. ఆ సాయంత్రం నాయన పక్కన కూర్చొని, పుస్తకం తెరిచి, మొన్న కొంచెం మిగిలిందని చెప్పి, లేని పేజీని చదవడం మొదలుపెట్టినాను. “అయితే ఆ నదులు పొంగినప్పుడు ఒడ్డున ఉండు గృహములు మునిగిపోవుచుండెను. కావున ప్రజలు దిబ్బల మీద...” బాగానే సాగింది. ‘చుండెను’లు కూడా సరిగ్గా పడినాయి. నాయన దగ్గరకు జరిగి “యాడమే, ఆ మాట యాడుండాది? ఒకసారి చూపించు” అన్నాడు. నేను చేతికందిన వరుస ఏదో చూపించినాను. అది ఏ రాజు గుర్రాల సంగతో. ఆయన మట్టికి పగిలిన వేలితో ఆ అక్షరాలను మెల్లగా తడిమి, ఆ వేలిని కండ్లకద్దుకున్నాడు.

నేను పుస్తకం మూసేసినాను. ఎవర్నైనా ఆట పట్టించగలను గానీ ఆ వేలిని చూసి నవ్వలేకపోయినాను.

“నాయనా, అది ఆడ లేదు. ఆ పేజీ నేనే చింపేసినా. మొన్న నీకు చదివింది సగం పాఠమే. ఇప్పుడు చెప్పింది పొద్దున గుంతలో చూసింది.”

చెంప పగుల్తుందని కండ్లు మూసుకున్నాను. ఏం పగల్లేదు. కండ్లు తెరిస్తే ఆయన లేచి నిలబడి ఉన్నాడు. “ఆ గుంత చూపించు, పా” అన్నాడు. ఇంకా వెలుతురుంది. గుంతలో దిగి, ఒక్కో పొరనూ గోటితో గీకి, నలిపి, వాసన చూసినాడు. నాకూ అవ్వకూ ఇద్దరికీ కలిపి తెలిసిన మట్టి కంటే ఆయనకు తెలిసిన మట్టి ఎక్కువ. “ఇది నాకు తెలీని మన్నామే? మడక పట్టి దున్నినప్పటి నుంచి చూస్తానే ఉండా. పుస్తకంలో ఉండాదనేసరికి కండ్లు మూసుకున్నా” అని తన మీద తనే నవ్వుకున్నాడు. కొయ్యలు ఆయనే పీకేసినాడు. గుంతలో మట్టి మిగిలిందా, చాల్లేదా అని ఎవరూ చూడనే లేదు.

నాకు వేసిన శిక్ష ఒకటే. ఆ పేజీ ఎవరి పుస్తకంలోనన్నా చూసి, రాసుకొని వచ్చి చదివి వినిపించాల. రాసుకొని వచ్చినాను. ఆ నదులు ఏటేటా పొంగేవంట, పోతా పోతా ఒండ్రు మట్టి వదిలి పోయేవంట, దాంట్లో పంటలు వేసుకొని, ఇండ్లు మాత్రం ఎత్తుగా ఉండే చోట కట్టుకొనేవారంట. నాయన ఆశ్చర్యపోయి “అమ్మా, నీ మాట అచ్చేసినారు!” అన్నాడు. అవ్వ తల కూడా ఎత్తకుండా “నన్ను అడక్కుండానే?” అనింది.

ఇల్లు దిబ్బ మీదే లేచింది. ఎక్కడానికి నాయన బండలు పరిచి మెట్లు చేసినాడు. మగోళ్లు ఎగతాళి చేస్తా ఉన్నా పట్టించుకోకుండా, పొద్దున రెండు కడవలు తనే మోసేవాడు. రెండేండ్ల తరువాత కార్తీకంలో పట్టిన వానకు ఏరు గట్టు దాటి వచ్చింది. మేమంతా మెట్ల మీద నిలబడి, మా ఇల్లు ఉండబోయిన చోటు మీద నీళ్లు ఒకటిన్నర రోజు పారడం చూసినాం. నీళ్లు తగ్గినాక కయ్య నిండా నాలుగు వేళ్ల మందాన మెత్తటి ఒండ్రు. ఆ ఏడు ఆ ఒండ్రులో నాటిన మా వరి కంకుల బరువుకు పడుకునేసింది. మా అమ్మ గాదె చాల్లేదని విసుక్కునింది. అంత తియ్యటి విసుగు నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

ఏడో తరగతితో నేనూ బడీ ఒకరికొకరు దండం పెట్టుకొని విడిపోయినాం. అయినా ఇప్పుడు తిరుపతిలో మేముండే వీధిలో చదువొచ్చిన ముసిలిదాన్ని నేనే. మందుల చీటీలు, బ్యాంకు కాగితాలు, కోర్టు నుంచి వచ్చినవి, అన్నీ కొంగులో పెట్టుకొని నా దగ్గరకే వస్తారు ఆడోళ్లు. మొగుళ్ల మీదా కోడళ్ల మీదా వంద ఎకసెక్కాలు ఆడి వాళ్లను నవ్విస్తాను. కాగితం చేతికి తీసుకున్నాక మాత్రం ఆడను. తెలిసినంత వరకు చదివి చెప్తాను. తెలియని చోటు వచ్చిందంటే “నాకు ఇంతవరకేనమ్మా తెలిసింది, మిగతాది ఇంకొకర్ని అడుగుదాం పా” అని, చెప్పులేసుకొని వాళ్లతో పాటే బయల్దేరతాను.