చెరిపేసిన ఊదా గీతలు

దెయ్యాలంటే నాకు భయం కాదు, ఒళ్ళుమంట. మా రైల్వే క్వార్టర్లలో ఎవరికైనా ఏదో కనబడిందంటే ముఖం మీదే నవ్వేదాన్ని. ఇప్పటికీ నవ్వుతాను. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు ఇంతవరకూ తేలలేదు.

మేమున్న రాయపూరు ఇంకా నాగపూరు రాజధానిగా ఉన్న రాష్ట్రంలో ఉండే రోజులవి. మావారు రైల్వేలో ఫిట్టరు. మాది శ్రీకాకుళం వైపు. రోజంతా ఇనుముతో కుస్తీ పట్టే మనిషికి అన్నం ముద్ద గొంతు దిగడం మానేసింది. తరవాత జావ, ఆఖరికి మంచినీళ్ళు కూడా ఆగి ఆగి దిగేవి. అన్నవాహికలో కేన్సరు అన్నారు. కోతకు పనికిరాదు, కరెంటు పెట్టాలన్నారు. అంటే ఎక్స్‌రే యంత్రంతో వైద్యం.

అది మా ఊళ్ళో లేదు. రైల్వే పాసు మీద దూరపు ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడి డాక్టరు తెల్లటి మందు మింగించి, ఫొటో తీసి, ఆయన ఛాతీ మీదా వీపు మీదా ఊదా సిరాతో పెట్టెలాగా గీతలు గీశాడు. కరెంటు ఆ పెట్టెలోనే పడాలట. వైద్యం అయ్యేదాకా అక్కడ నీళ్ళూ నూనే తగలకూడదని గట్టిగా చెప్పాడు.

దీపావళికి యంత్రం గది మూసేస్తే ఇంటికొచ్చాం. నరక చతుర్దశి పొద్దున నేను పాలకు వెళ్ళి వచ్చేసరికి మా అత్త తన కొడుకుని పీట మీద కూర్చోబెట్టి, ఒళ్ళంతా నూనె రాసి, నలుగుపిండితో రుద్ది తలంటేసింది. గీత అన్నది మిగల్లేదు. పాపం, ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు.

"పండగ పూట బిడ్డ ఒంటికి నూనె సుక్క ఎయ్యకుండా ఎలాగుంటానే? నానేటి పరాయిదాన్నా?" అంది.

ఆయన తల్లిని ఒక్క మాట అనలేదు. "మళ్ళీ గీస్తార్లే" అన్నారు నాతో. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున ఆయనకి బనీను మారుస్తుంటే గీతలు ఉన్నాయి. ఛాతీ మీదా, వీపు మీదా. అదే ఊదా రంగు, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. కాకపోతే పాత చోటుకంటే నాలుగు వేళ్ళు కిందికి. మా ఇంట్లో అలాంటి సిరా లేదు. తలుపు గడియ పెట్టినది పెట్టినట్టే ఉంది. తన వీపు మీద ఆయన గీసుకోలేరు, అత్త గీయలేదు, నేను గీయలేదు. తడిగుడ్డతో తుడిస్తే పోలేదు.

సెలవయ్యాక ఆసుపత్రికి వెళ్తే డాక్టరు చూసి మండిపడ్డాడు. "ఇవి నావి కావు. మీ ఆడవాళ్ళు గీశారా?" అని హిందీలో అరిచాడు. జరిగింది చెప్పబోతే వినిపించుకోలేదు. స్పిరిటు దూదితో తుడిచేసి, పాత కొలతల ప్రకారం పైనే మళ్ళీ గీశాడు.

వైద్యం పూర్తయింది. కొన్నాళ్ళు జావ బాగానే దిగింది. పెరుగన్నం తిన్న రోజున పండగ చేసుకున్నాం. ఎండలు ముదిరేసరికి మళ్ళీ గొంతు మూసుకుపోయింది. మళ్ళీ తెల్లమందు, మళ్ళీ ఫొటో. డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, ఆయన ఛాతీ మీద వేలు ఆనించాడు. కరెంటుకి నల్లబడ్డ చోటుకి దిగువన, సరిగ్గా తను చెరిపేసిన పెట్టె ఉన్నచోట.

"పైన తగ్గింది. ఇది కిందది. ఇంక చేసేదేం లేదు" అన్నాడు. నా ముఖం వైపు చూడలేదు.

వానలు పడకముందే మావారు పోయారు. తలంటు పోసి కొడుకుని చంపుకుందని చుట్టాలు మా అత్తని ఆడిపోసుకున్నారు. ఆవిడా అదే నమ్మింది. పోయేదాకా మళ్ళీ తన తలకి నూనె రాసుకోలేదు. గీతలు తిరిగొచ్చిన సంగతి ఎన్నిసార్లు చెప్పినా, "నన్నూరుకోబెట్టడానికి కతలు సెప్తన్నావే" అనేది.

వాటిని ఎవరు గీశారో నాకు నేటికీ తెలియదు. దేవుడో, చచ్చిపోయిన మా మామగారో. ఎవరైనా సరే, నాకు కోపమే. జబ్బున్న చోటు అంత కచ్చితంగా తెలిసినవాళ్ళు, గడియ పెట్టిన ఇంట్లోకి రాగలిగినవాళ్ళు, ఆ డాక్టరు చెవిన ఒక్క మాట వేస్తే ఏం పోయింది?